ఇమిటేట్ అని రాసే ముందు

చెవి పరీక్షల విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇద్దరు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు కొన్ని రాసివ్వండి మేడమ్ అని అడిగారు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. రిటైరైనవాళ్ళ చేత ఇలాంటివి రాయించేది ఏదో ఒక సభలో పంచిపెట్టి మర్చిపోవడానికి. ఏదో ఒకటి చెప్పి పంపించేద్దామనుకున్నాను. ఇంతలో వాళ్ళలో ఒకమ్మాయి తను రాసిన రిపోర్టు తీసి, ఇది సరిగ్గా ఉందా అని చూపించింది. మాటలు రాని ఒక చిన్నపిల్ల గురించి అందులో ‘ఇమిటేట్స్ వెల్’ అని రాసి వదిలేసింది. బాగా అనుకరిస్తుందని. ఎవరిని చూసి, ఎందుకు అన్నది ఎక్కడా లేదు. అది చూడగానే నాకు ఒళ్ళు మండింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను పుదుచ్చేరిలో ఒక ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసేదాన్ని. ఎవరికి ఎంత వినపడుతుందో కొలిచి చెప్పడం నా పని. చెప్పుకోవడానికి చాలా తేలికైన పని. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, యంత్రం మీద మీట నొక్కితే సన్నగా ఒక చప్పుడు వెళ్తుంది. వినపడితే చెయ్యి ఎత్తుతారు, లేకపోతే ఎత్తరు. చిక్కంతా ఆ చేతితోనే. చెవికి అబద్ధం చెప్పడం రాదు, చేతికి వచ్చు.

మా ఆయన నన్ను ఆటపట్టిస్తుంటారు. గుమ్మంలో పాలబ్బాయి కేక వేస్తే నిజంగా పాలబ్బాయేనా అని నేను కిటికీలోంచి తొంగి చూస్తానట. చూస్తాను, తప్పేముంది? ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా అనుమానం అంటకుండా ఇంటికి వెళ్ళారంటే వాళ్ళు హాజరుపట్టీలో సంతకం పెట్టడం తప్ప ఇంకేం చెయ్యలేదని నా అభిప్రాయం.

ఎవరిని?

నేను చేరినప్పుడు మా విభాగానికి పెద్ద డాక్టరు ఒకాయన ఉండేవారు. ఈ ఊళ్ళో పాతకాలపు తమిళ కుటుంబం. చిన్నప్పుడు ఫ్రెంచి బడిలో చదివి ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నారు. అందుకని ఒక్కో ఇంగ్లీషు మాటనూ బజారులో వంకాయలు ఏరినట్టు తిప్పి చూసి వాడేవారు. మంచివాడే గానీ నోరు మహా దురుసు.

నా మొదటి రిపోర్టుల్లో ఒకదాంట్లో నేను కూడా ఇమిటేట్ అని రాశాను. ఆయన పిలిపించి, ఎవరిని అని అడిగారు. తల్లిని అన్నాను. తల్లి గొంతు విని చేశాడా, మొహం చూసి చేశాడా అన్నారు. నాకు తెలియదు. తెలియకపోతే రాయడమెందుకని నన్ను మళ్ళీ ఆ పిల్లాడి దగ్గరికే పంపారు.

తర్వాత తీరిగ్గా ఆ మాట గురించి చెప్పారు. నాకు గుర్తున్నంతవరకు ఇదీ సంగతి. ఒకరిని ఎదురుగా పెట్టుకుని వాళ్ళు చేసినట్టు చెయ్యడం ఇమిటేట్. తల్లి నోరు తెరిస్తే బిడ్డ నోరు తెరవడం, అక్క నడకను చెల్లెలు నడవడం ఇందులోకే వస్తాయి. ఒకరి గొంతునో వాలకాన్నో అచ్చంగా దించి నవ్వించడం మిమిక్. ఒక జబ్బు ఇంకో జబ్బులా కనిపించినా డాక్టర్లు మిమిక్ అనే అంటారు. చెవిలో గులిమి గడ్డకడితే అసలు చెవుడులాగే ఉంటుంది, కానీ గులిమికి ఎవరిలాగా ఉండాలనే కోరిక ఉండదు గదా, అక్కడ ఇమిటేట్ అనకూడదు. పెద్దవాళ్ళను చూసి అంతటివాళ్ళం కావాలని పాటుపడితే ఎమ్యులేట్. పక్కవాడి కాగితంలోకి చూసి రాస్తే కాపీ. బుర్ర పక్కన పెట్టి ఊరికే వెనక పడితే ఏప్, అయితే ఆ మాట రోగుల మీద ఎప్పుడూ రాయొద్దన్నారు.

వీటిలో ఎమ్యులేట్ అంటే మెచ్చుకున్నట్టు, ఏప్ అంటే తిట్టినట్టు. ఇమిటేట్ మాత్రం మంచీ చెప్పదు, చెడూ చెప్పదు. అది ఎందుకు జరుగుతోందో రాసేవాళ్ళే కనుక్కోవాలి. ఆ ఓపిక లేనివాళ్ళు ఆ మాట జోలికి పోకూడదని ఆయన మాట, ఇప్పుడు నా మాట కూడా.

వరండాలో

పరీక్షకు ముందు కాసేపు వెళ్ళి వరండాలో రోగుల బెంచీ మీద రోగిలా కూర్చోమని పెద్ద డాక్టరు చెప్పేవారు. తెల్లకోటు తీసేసి వెళ్ళి కూర్చునేదాన్ని. గదిలో అందరూ మనకోసం సిద్ధపడి ఉంటారు, వరండాలో ఉండరు.

ఒకసారి ఒక కుర్రవాడు వచ్చాడు. పూర్తి చెవుడని సర్టిఫికెట్ కావాలి, దాంతో ఉద్యోగానికి పెట్టుకుంటాడు. అతని పక్కనే కూర్చున్నాను. ఎవరు మాట్లాడినా చెయ్యి చెవి వెనక పెట్టుకుని, కనుబొమ్మలు పైకెత్తి, ఆఁ ఆఁ అంటున్నాడు. సినిమాల్లో చెవిటివాళ్ళు అలాగే చేస్తారు. ఇంతలో బెంచీకి అటు చివర ఎవరి ఫోనో మోగింది. ఇతని ఫోనుకూ అదే పాట ఉన్నట్టుంది, ఠక్కున జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. తన ఫోనే మోగి ఉంటే తొడకు తగిలిన కదలిక వల్ల తెలిసిందని తప్పించుకునేవాడు. మోగింది పక్కవాళ్ళది. నేను లోపలికి వెళ్ళి కోటు వేసుకుని అతన్ని పిలిచాను. నన్ను చూడగానే అతని మొహం వాడిపోయింది.

ఇలాంటివాళ్ళను చాలామందిని చూశాక నాకు ఒకటి అర్థమైంది. నిజంగా వినపడనివాళ్ళు దాన్ని దాచుకోవాలని చూస్తారు. అర్థం కాకపోయినా తల ఊపుతారు, అందరూ నవ్వితే నవ్వుతారు. వినపడేవాడు చెవుడు నటిస్తే మాత్రం ఊరందరికీ తెలియాలన్నట్టు నటిస్తాడు. చెవుడును అనుకరించేవాళ్ళను పట్టుకోవడం సులువు. వినికిడిని అనుకరించేవాళ్ళు ఉంటారని, వాళ్ళను పట్టుకోవడమే కష్టమని పావని వచ్చేదాకా నేను గట్టిగా ఆలోచించలేదు.

రెండు భాషల పిల్ల

పావనిది ఈ ఊళ్ళోనే ఒర్లియంపేట. బడిలో ఒకటో తరగతి. తాతల కాలం నుంచి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. తండ్రి ప్రభుత్వ మిల్లులో పనివాడు, తల్లి బట్టల కొట్లో నిలబడి అమ్ముతుంది. పిల్లను చూసుకునేదీ బడికి తీసుకెళ్ళి తెచ్చేదీ నాయనమ్మ. ఆసుపత్రికి వచ్చింది కూడా ఆ అవ్వే.

పిల్ల సరిగ్గా మాట్లాడదు, చదువు ఎక్కడం లేదు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడికి మార్చమని టీచరు చెప్పింది. అలా మార్చడానికి ముందు చెవులు బాగున్నాయని ఒక ముక్క కావాలి, దానికోసం మా దగ్గరికి పంపారు. అంతకుముందు ఇంకో చోట చేయించిన పరీక్షలో చెవులు బాగున్నాయనే వచ్చింది. అంటే నేను కూడా నార్మల్ అని రాసేస్తే, ఆ పిల్లకు తెలివి లేదని తేలిపోయినట్టే.

వరండాలో కూర్చుని చూశాను. పావని తీరుగా ఉంది. నర్సు వచ్చి పేరు పిలవగానే లేచి నిలబడింది. నాకు మొదట చెవులు బాగానే ఉన్నాయనిపించింది. తర్వాత గమనిస్తే, నర్సు ఎవరి పేరు పిలిచినా లేస్తోంది. బెంచీ మీద మనుషులు కదిలితే చాలు, తనూ కదులుతోంది.

మాటలు ఎందుకు రాలేదని అవ్వను అడిగాను. ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

“ఇంట్లో మేము తెలుగు, పళ్ళికూడంలో అరవం. రెండూ కలిసిపోయి దానికి యాడ ఏది మాట్లాడాలో తెలీకుండా పొయ్యిందమ్మా. ఇనపడేదానికేం, సుబ్బరంగా ఇనపడతాది.”

ఇది నేను నమ్మే మాటే. మాది పుదుచ్చేరి పక్కన విల్లియనూరు, మా ఇంట్లోనూ తెలుగే. నేను బడిలో చేరిన కొత్తలో టీచరు తమిళంలో ఏదో అడిగితే బిక్కమొహం వేసుకుని నిలబడేదాన్ని. తెలుగిళ్ళ పిల్లలకు మాట ఆలస్యంగా వస్తుందని ఈ ఊళ్ళో అందరూ అనేదే. బడికి ఫోను చేసి కనుక్కుంటే, ఇంట్లో తెలుగు గదా, అందుకే తమిళం అంటడం లేదని టీచరు అంది. తండ్రికి ఫోను చేసి అడిగితే, బడిలో తమిళం గదా, అందుకే తెలుగు పోయిందన్నాడు. టీచరేమో పిల్లకు తెలుగు వచ్చనుకుంటోంది, తండ్రేమో తమిళం వచ్చనుకుంటున్నాడు. ఇద్దరికీ తమిళం వచ్చినా, ఇంటి చివర ఏముందో బడి చివర ఎవరూ అడగలేదు. ఆ రెండు చివరలకూ మధ్య రోజూ తిరిగే మనిషి అవ్వ ఒక్కతే. నా అనుమానం అక్కడ మొదలైంది.

పిల్లను కూర్చోబెట్టి తెలుగులో పేరు అడిగాను. పావని అంది, గొంతు కొంచెం ముక్కులోంచి వచ్చింది. అన్నం ఎవరు పెడతారని అడిగాను. పావని అంది. తమిళంలో, తిన్నావా అని అడిగాను. పావని అని నవ్వింది. పెద్దవాళ్ళు వంగి నవ్వుతూ ఏదో అంటే తన పేరు చెప్పాలని నేర్చుకుందన్నమాట. అవ్వ వెంటనే, సిగ్గమ్మా దానికి అంది.

దీపం

చిన్నపిల్లల పరీక్షలో చెయ్యెత్తమనం. చప్పుడు వినపడినప్పుడల్లా గిన్నెలో ఒక పూస వెయ్యమంటాం. తోడు వచ్చినవాళ్ళు పిల్ల వెనక కూర్చోవాలన్నది నియమం. అవ్వ ఎదురుగా కూర్చుంటానని పట్టుబట్టింది, లేకపోతే పిల్ల ఏడుస్తుందట. సరే కూర్చోమన్నాను. ఏం చేస్తుందో చూడాలని కావాలనే ఒప్పుకున్నాను.

పరీక్ష అద్భుతంగా సాగింది. ఎంత సన్నటి చప్పుడు పంపినా పూస పడింది. ఒక్కటి కూడా తప్పలేదు, ఒక్కసారి కూడా దిక్కులు చూడలేదు. ఆ వయసు పిల్లలు మధ్యలో ఆవులిస్తారు, పూసలతో ఆడుకుంటారు, విసుగొచ్చి గిన్నె బోర్లిస్తారు. ఒక్క తప్పూ లేని పరీక్షను మీరు ఎప్పుడూ నమ్మకండి. నేను చప్పుడు పూర్తిగా తీసేసి, ఊరికే మీట నొక్కాను. పూస పడింది.

మళ్ళీ ఉత్తి మీట నొక్కాను, ఈసారి అవ్వను చూస్తూ. మీట నొక్కినప్పుడల్లా యంత్రం మీద చిన్న దీపం వెలుగుతుంది. యంత్రమూ నేనూ పిల్ల వెనక ఉన్నాం గనక అది పిల్లకు కనపడదు, ఎదురుగా కూర్చున్న అవ్వకు కనపడుతుంది. దీపం వెలగగానే మోకాలి మీద ఉన్న అవ్వ బొటనవేలు కదిలింది. వేలు కదలగానే పూస పడింది. ఇంతకుముందు పరీక్షలో చెవులు ఎందుకు అంత బాగున్నాయో కూడా అప్పుడే తెలిసింది.

చేతిరుమాలు తీసి దీపం మీద కప్పాను. పూసలు ఆగిపోయాయి. పావని అవ్వ బొటనవేలినే చూస్తూ, చేతిలో పూస పట్టుకుని అలాగే ఉండిపోయింది. చప్పుడు పెంచుకుంటూ పోయాను. చాలా పైకి వెళ్ళాక ఒక్కసారి తలెత్తి, హెడ్‌ఫోన్ మీద చెయ్యి పెట్టుకుని నన్ను వెతుక్కుంటూ వెనక్కి తిరిగింది. ఆ గదిలోకి వచ్చాక ఆ పిల్ల ఎవరినీ చూడకుండా చేసిన మొదటి పని అదే.

మర్నాడు పెద్ద డాక్టరు స్వయంగా మళ్ళీ పరీక్ష చేశారు. ఎవరి పరీక్షనైనా ఇంకొకరు చేసి చూడాలన్నది ఆయన పద్ధతి. ఫలితం అదే వచ్చింది. మామూలు మాట ఆ పిల్ల చెవిని చేరడం లేదు. తలుపు దబాలున పడితే, బండి హారన్ మోగితే వినపడుతుంది, అంతే.

తండ్రిని పిలిపించాం

తండ్రి డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. అంతా విని నన్ను ఎగాదిగా చూశాడు.

“మిషను అమ్మేదానికి చెప్తా ఉండారా మేడమ్ ఇదంతా? ఒక చోట బాగుండాది అన్నారు. మీరేంది ఇట్ట అంటారు?”

నాకు కోపం రాలేదు. కమిషన్ల కోసం చెవికి పెట్టుకునే మిషన్లు అంటగట్టేవాళ్ళు ఉన్నారు, అతను అనుమానించడంలో న్యాయం ఉంది. నిజానికి ఏదడిగినా తలూపే తండ్రుల కంటే అతనే నయమనిపించాడు. నన్ను నమ్మొద్దు, మీరే చూసుకోండి అన్నాను. పావనిని గోడవైపు తిప్పి, పూసలు, దారం ముందు పెట్టి, అవ్వను బయట కూర్చోబెట్టాం. వెనక నిలబడి మీ అమ్మాయిని మీరే పిలవండి అన్నాను.

పిలిచాడు. పిల్ల పూసలు గుచ్చుకుంటోంది. గొంతు పెంచి పిలిచాడు, తిరగలేదు. ఒక అడుగు ముందుకు వేసి అరిచాడు, అప్పుడు ఉలిక్కిపడి తిరిగింది. తిరిగి తండ్రిని చూసి నవ్వి, అలవాటుగా పావని అంది. అతను గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

అవ్వ ఎప్పుడు లోపలికి వచ్చిందో మేము చూడలేదు. కొడుకు ఆమె వైపు చూశాడు.

“తెలుసురా,” అంది. “తలుపు ఎనక నిలబడి పిలిస్తే వొచ్చేది కాదు, చిన్నప్పట్నుంచే. మన వీధిలో ఆ టైలరు చెల్లెల్ని చూసినావు గదా. దానికి పేరుండాదని ఎవురికన్నా తెలుసా? సెవిటిది, సెవిటిది, అంతే. ఆ పేరు దీనికొద్దనుకున్నా. పక్కనోళ్ళు ఏం చేస్తే అది చెయ్యమని నేనే నేర్పించినా.”

రెండు భాషల కథ కూడా ఆమె కట్టిందే. టీచరుకు ఇంట్లో తెలుగు అని చెప్పిందీ, ఇంట్లో వాళ్ళకు బడిలో తమిళం అని చెప్పిందీ ఆమే. చెవుడని పేరు పడకూడదనుకుంది గానీ, దాని బదులు బుద్ధి లేదనే పేరు పడుతోందని ఆమెకు తట్టనేలేదు. నాకు ఆమె మీద చాలా కోపం వచ్చింది. ఇన్నేళ్ళు పిల్లకు ఒక్క మాట అందకుండా చేసింది. అదే సమయంలో ఆ పిల్ల నేర్చుకున్నదంతా, చూపు, ఓపిక, ఎదుటివాళ్ళ మొహంలో చిన్న కదలిక కూడా పట్టుకోవడం, అన్నీ ఆమె నేర్పినవే. ఆ తెలివి ఉన్న పిల్లను తెలివి లేదనబోయాం మేమంతా. ఈ రెండిటిలో దేన్ని పట్టుకుని ఆమెను చూడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ తర్వాత

మిషన్లు పెట్టాక అంతా బాగైపోతుందనుకోకండి. పావని వినడం మొదలుపెట్టింది, దాంతోపాటు విన్నదాన్ని అనుకరించడం మొదలుపెట్టింది. నీ పేరేంది అంటే, నీ పేరేంది అనేది. కూర్చో అంటే కూర్చో అని నిలబడే ఉండేది. ఇంట్లోవాళ్ళు పిల్లకు మాటలొచ్చాయని మురిసిపోయి స్వీట్లు తెచ్చారు. నేను తినలేదు. మాట చెవిలో పడుతోందని తెలిసింది, బుర్రలో పడుతోందని తెలియలేదు. మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి రోజూ రమ్మన్నాం. అవ్వ ఎండనకా వాననకా తీసుకొచ్చింది. ఆ విషయంలో ఆమెకు వంక పెట్టలేను.

ఏడాది దాటి ఉంటుంది, ఒకరోజు అవ్వ పిల్లను రెక్క పట్టుకుని నా గదిలోకి వచ్చింది. మిషనులో చప్పుడు తగ్గించమంది. ఎందుకంటే పిల్ల చెడిపోయిందట. ఇంతకుముందు అందరూ ఏం చేస్తే అది చేసేది, ఎవరి నోట్లోకీ వచ్చేది కాదు. ఇప్పుడు చెప్పిన మాట వినదు, ఎదురు చెప్తుంది. బడిలో అందరూ పాట పాడుతుంటే తను పాడనని కూర్చుందట.

నేను నమ్మలేదు. పిల్లలు బాగుపడ్డారని చెప్పినప్పుడు ఎలా నమ్మనో, చెడిపోయారని చెప్పినప్పుడూ అలాగే నమ్మను. పావని అప్పటికే మాకు వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడి కింద వెళ్తున్న ఆటోలు చూస్తోంది. అవ్వను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో ఏదైనా అడగమన్నాను.

“ఇంటికి పోదామా, కణ్ణా?” అంది అవ్వ.

పావని తిరగలేదు. కింద ఆటోలో ఎవరో ఎక్కుతున్నారు, అదే చూస్తోంది.

“రాను,” అంది. “నువ్వు పో.”

ర పూర్తిగా పలకలేదు, అయినా మాట స్పష్టంగా ఉంది. అవ్వ కుర్చీలో కూర్చుండిపోయింది. నా వైపు తిరిగి, ఇప్పటికైనా నమ్ముతావా అన్నట్టు చూసింది.

“ఎవుర్ని చూసి నేర్సుకున్నాదో ఏమో,” అంది. “మా ఇంట్లో పెద్దోళ్ళతో ఎవురూ అట్ట మాట్లాడరమ్మా.”

ఆ మాట పూర్తవుతుండగానే, పిల్ల ఎవరినీ చూసి అనలేదని ఆమెకే అర్థమైంది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు కళ్ళ మీదికి వెళ్ళింది.